బార్డర్ పాస్

పోయిన వారం మనం సంధ్యను వంటింటి గడప మీద, చేతిలో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్టుతో వదిలేసి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. ప్యాకెట్టు మాత్రం ఇప్పుడు ఆమె చేతిలో లేదు. మామ నతానియేలు లాక్కుని హాల్లో టీపాయ్ మీద పడేశాడు.

"ఇదేందీ?" అన్నాడు.

ఆళ్లగడ్డలో ఆరేళ్లుగా చెక్క గానుగ ఆడించి వేరుశెనగ నూనె అమ్ముతున్న మనిషికి అది నూనె ప్యాకెట్టని తెలియదా? తెలుసు. కోపం వస్తే ఈయన తెలిసినవే అడుగుతాడు.

"నూనె మామా."

"ఎవరింటికి?"

సంధ్య ప్యాకెట్టు వైపు చూసింది.

"నేనడిగేది ఎవరింటికని. గానుగోని ఇంటికి ప్యాకెట్ నూనె! నువ్వు కొంటాంటే అక్తర్ బేగం చూసిందంట. ఆరేండ్ల నుంచి మన కాడ్నే నూనె తీస్కపోయే మనిషి. పొద్దన్నే వచ్చి, నింపిన క్యాను ఈడ పెట్టేసి, వద్దులే భాయ్ అనేసి పోయింది. ఏంటికమ్మా అంటే నవ్వింది. ఆ నవ్వు నువ్వు చూడలేదు. నేను చూసినా."

ఇంటి ముందు గదే షాపు. దాని మీద పెద్ద బోర్డు. 'స్వచ్ఛమైన వేరుశెనగ నూనె' అని రాస్తే చాలదా అని పెయింటరు మొత్తుకున్నా వినకుండా, 'మా ఇంట్లో తినేదే మీకూ ఇస్తాం' అని ఎర్రక్షరాలతో రాయించింది ఈ నతానియేలే. ఆ మాట చూసే జనం వచ్చారు. ఇప్పుడు ఆ మాటే ఆయన గొంతుకు అడ్డం పడింది. ఎవర్ని తిట్టుకోవాలి?

కోడల్ని తిడుతున్నాడు.

"అత్త కోసం తెచ్చినా మామా," అంది సంధ్య. డోన్ నుంచి కోడలిగా వచ్చిన పిల్ల, భయపడినా మాట ఆగదు. "ఉడకబెట్టినవి తినీ తినీ ఆమె నోరు చచ్చిపోయింది. ఈ నూనె తేలిక అన్నారు. ఒక చెంచా తాళింపుకేద్దామని. మన నూనె చెడ్డదని కాదు."

"ఊరికి ఆ సంగతి చెప్పిరా పో!"

పెరటి వాకిట్లో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతున్న అత్త మరియమ్మ చేతులు ఆగాయి. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఆగస్టు ఉక్కపోతలో భుజాల నిండా దుప్పటి కప్పుకుని కూర్చుంది. గొడవంతా తన గురించే అని తెలుసు. అయినా లేవలేదు. లేవాలంటే ఈమధ్య ఆమెకు రెండుసార్లు ఆలోచించుకోవాల్సి వస్తోంది.

గానుగ మోటారు ఆపి కొడుకు మనోజ్ వచ్చాడు, చేతులకు వేరుశెనగ చెక్కపిండి అంటుకుని ఉంది. "నాయనా, అరుపులు బజారు దాకా ఇనపడతాండాయి."

"ఇనపడనీ! మార్చిలో మీయమ్మకు రెండు వందల అరవై రెండు కొలెస్ట్రాలు. సరే, నూనె మానుకో అన్నాం. మానుకుంది. నెయ్యి లేదు, గుడ్డు లేదు, మాంసం లేదు. ఐదు నెలలకు మళ్లీ చేయిస్తే తగ్గల్ల గదా? రెండు వందల ఎనభై ఒకటి! నూనె మానేసిన మనిషికి కొవ్వు పెరుగుతాదా? నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్పు."

మనోజ్ చేతులకంటిన పిండి దులుపుకున్నాడు.

"పెరగదు. అంటే తింటాంది." నతానియేలు పెరటి వైపు తిరిగాడు. "యాడనో తింటాంది."

"నేను తినలేదు," అంది మరియమ్మ.

"ఇంగెట్ల పెరిగింది? గాలి పీల్చుకుంటేనా?"

"తినలేదంటాండా గదా. దేవుని సాక్షి."

"దేవున్ని తేవాకు మధ్యలోకి!"

ఆ 'తినలేదు' అనే మాట ఈ ఐదు నెలల్లో ఆమె ఎన్నిసార్లు అందో నేను చెప్పలేను. మొదట్లో గట్టిగా అనేది, తర్వాత ఏడుస్తూ అనేది. ఇప్పుడు గోరుచిక్కుళ్లకు చెప్పినట్టు అంటోంది. ఇంట్లో ముగ్గురున్నారు. ఒక్కరూ 'అవును, నువ్వు తినలేదు' అనలేదు. సంధ్య జాలిపడింది. మనోజ్ మాట మార్చాడు. నమ్మడం మాత్రం ఎవరూ నమ్మలేదు. లెక్క ఎదురుగా ఉంది కదా, మనిషిని ఎట్లా నమ్ముతారు?

"నంద్యాలకు తీస్కపోదాం నాయనా," అన్నాడు మనోజ్. "పెద్ద డాక్టరమ్మ కాడ చూపిద్దాం."

"ఏంటికి? గానుగోని పెండ్లాం కొవ్వుకు నంద్యాల ఆసుపత్రిలో కూచుందని ఊరంతా చెప్పుకునేకా? షెట్టరు దించుకుని ఇంట్లో కూచుందామా అందరం?"

మరియమ్మ చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"నేను పోతా," అంది.

అందరూ ఆమె వైపు చూశారు.

"డాక్టరమ్మైనా నమ్ముతాదేమో. సంధ్యా, బస్సు ఎన్ని గంటలకుందో చూడు."

నతానియేలుకు దేని మీద అరవాలో ఒక్క క్షణం తోచలేదు.

*

బస్సులో కిటికీ పక్కన అత్త, ఇవతల కోడలు. కిటికీ అద్దం మూసేయమంది మరియమ్మ. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఉడికిపోతాంటే అద్దం మూస్తారేందమ్మా?" అన్నాడు. "చలప్పా," అంది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి తిరిగి కూర్చున్నాడు.

సంధ్యకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. రిపోర్టుల ఫైలు తీస్తుంది, చూస్తుంది, సంచిలో పెడుతుంది. మళ్లీ తీస్తుంది. అడగాలి, అడగకూడదు. ఆఖరికి అడిగేసింది.

"అత్తా, ఒకటడుగుతా. తప్పనుకోవాకు."

"అడుగు."

"నాతో చెప్పు, మామకు చెప్పన్లే. నిజంగా ఏం తినలేదా?"

మరియమ్మ కిటికీ వైపు తిరిగింది. సిరివెళ్ల వచ్చింది, జనం దిగారు, ఎక్కారు, బస్సు కదిలింది. సంధ్యకు తన నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

"తిన్నా," అంది మరియమ్మ చివరికి.

సంధ్య చప్పున ఆమె వైపు తిరిగింది.

"ఈస్టరు రోజు. అందరితో పాటు బిర్యానీ తిన్నా. నువ్వే వడ్డిచ్చినావు. మీ మామ పక్కన్నే కూచోని తిన్నా. అదొక్కటే." గొంతులో కోపం లేదు, అదే సంధ్యకు ఎక్కువ బాధైంది. "నువ్వు కూడా అడుగుతావనుకోలేదు సంధ్యా."

"అత్తా, నేనేదో..."

"గమ్మునుండు. నిద్రొస్తాంది నాకు."

కళ్లు మూసుకుంది. నిద్ర మాత్రం పోలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు వస్తే దుప్పటి అంచుతో తుడుచుకుంది.

*

డాక్టర్ ప్రసన్న గబగబా మాట్లాడే మనిషి. బయట నలభై మంది కూర్చుని ఉంటే మరి నిదానంగా ఎట్లా మాట్లాడుతుంది? ఫైలు తిరగేసింది. ఏం తింటారు, ఎంత నూనె వాడతారు అని అడుగుతుందేమోనని మరియమ్మ చీర కొంగు గట్టిగా పట్టుకుని సిద్ధంగా ఉంది. డాక్టరు అది అడగలేదు.

"చలా మీకు?"

"ఆఁ."

"ఎన్నాళ్ల నుంచి?"

"తెలీదమ్మా. నిరుటి నుంచేమో. అందరికీ ఉక్కగా ఉంటాది, నాకు చలి."

"నీరసం?"

"నాలుగు బిందెలు మోసేదాన్ని. ఇప్పుడు చెంబు ఎత్తాలన్నా కూచోని లేస్తాండా. పనికి బద్ధకమని అంటారు ఇంట్లో."

డాక్టరు లేచి వచ్చి ఆమె గొంతు దగ్గర వేళ్లతో నొక్కి, ఉమ్మి మింగమంది. "థైరాయిడ్ పరీక్ష ఎప్పుడైనా చేయించారా?"

"లేదు."

"కొలెస్ట్రాల్ ఇంతుంటే ముందు అది చూడాలి కదమ్మా. ఐదు నెలలు ఏం చేశారు?"

"ఉడకబెట్టినవి తిన్నా," అంది మరియమ్మ.

డాక్టరు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. చీటీ రాసి ల్యాబుకు పంపింది.

ల్యాబు కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబరు అడిగింది. మరియమ్మకు సొంత ఫోను లేదు. ఆమెకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, మొగుడిది. చెప్పింది.

కౌంటరమ్మాయి కంప్యూటరు చూసి, "ఈ నంబరు మీద మరియమ్మ పేరుతో ముందే ఒక రిపోర్టు ఉందే," అంది. "రెండేళ్ల కింద. ఆళ్లగడ్డ చర్చిలో మేం పెట్టిన క్యాంపు."

"అవునవును," అంది మరియమ్మ. "చర్చి హాల్లో పెట్టినారు. అందరం నెత్తురిచ్చినాం. బాగుందని చెప్పినారులే."

"ఎవరు చెప్పినారత్తా?" అంది సంధ్య.

"మీ మామ. ఆయన ఫోనుకే వచ్చింది గదా."

సంధ్య కౌంటరు వైపు వంగి, "అక్కా, ఆ పాతది కూడా ఒక కాగితం తీసిస్తారా?" అంది. ప్రింటరులోంచి ఆ కాగితం వచ్చాక నిలబడే చదివింది. చదివి అత్తకు చెప్పలేదు. మధ్యాహ్నం దాకా, కొత్త రిపోర్టు వచ్చేదాకా, ఆ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది. తినడానికి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెచ్చిపెడితే మరియమ్మ బజ్జీలు పక్కకు తీసి, బొరుగులు మాత్రం నాలుగు నోట్లో వేసుకుంది. చూసేవాళ్లు లేని చోట కూడా!

రెండున్నరకు డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"మీ మెడ దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉందమ్మా. అది కొంచెం బద్ధకించింది. పని ఆపలేదు, హార్మోను ఇంకా నార్మల్‌లోనే ఉంది. కానీ దానితో ఆ పని చేయించడానికి మెదడు గట్టిగా అరవాల్సి వస్తోంది. ఆ అరుపును కొలిచేదే ఈ టీఎస్‌హెచ్. నాలుగు, నాలుగున్నర లోపుండాలి. మీకు ఎనిమిది పాయింట్ ఒకటి."

"అది కొవ్వుకేం చేస్తాది మేడమ్?" అంది సంధ్య.

"రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను లివరు ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉంటుంది. ఆ పనికి థైరాయిడ్ హార్మోను తోడుండాలి. ఇది మందగిస్తే అది కూడా మందగిస్తుంది. కొలెస్ట్రాల్ పోకుండా రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది."

మరియమ్మ ముందుకు జరిగింది. "అంటే అమ్మా, నేను నూనె ముట్టుకోకున్నా పెరుగుతాదా?"

"పెరగొచ్చు. కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మన ఒంట్లోనే తయారవుతుంది. తిండి నుంచి వచ్చేది కొంతే."

"ఇంగొకసారి చెప్పమ్మా."

డాక్టరు విసుక్కోలేదు, నాకు ఆమె అందుకే నచ్చింది. "తినకపోయినా పెరగొచ్చు," అని మళ్లీ చెప్పింది. "అట్లాగని మొత్తం థైరాయిడ్ వల్లే అని నేననను. ఇంత తక్కువ తేడాకు కొందరిలో అసలు పెరగదు. వయసు, వంశం కూడా ఉంటాయి. మామూలుగా ఒక్కసారి ఇట్లా వస్తే మందివ్వను. మళ్లీ చూస్తాను. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. కానీ మీకు రెండేళ్ల కిందే ఆరు పాయింట్ ఎనిమిది ఉంది. సర్దుకోలేదు, పెరిగింది." పాత కాగితం కింది గీత మీద వేలు పెట్టింది. "మూడు నెలలకు మళ్లీ చేయించండి అని ఇక్కడే రాసుంది. ఎందుకు చేయించలేదు?"

మరియమ్మ కాగితం వైపు చూసింది, సంధ్య వైపు చూసింది. సంధ్య తల దించుకుంది. అప్పుడు అర్థమైంది మరియమ్మకు, మొగుడు బాగుందని చెప్పిన రిపోర్టు ఇదేనని.

"తెలీదమ్మా నాకు," అంది.

డాక్టరు చిన్న డోసు మాత్ర రాసింది. పొద్దున లేవగానే పరగడుపున, నీళ్లతో. గంట దాకా కాఫీ కూడా వద్దు. రెండు నెలలకు రెండు పరీక్షలూ మళ్లీ చేయించాలి. కొలెస్ట్రాల్ దిగితే సరే, దిగకపోతే దానికి వేరే మందు చూడాలి. "నూనె ఏదైనా కొలత మీదే వాడండి. కానీ ఈ ఉడకబెట్టిన తిండి ఆపేయండి. మనుషులు తినేట్టు తినండి."

చీటీ చేతికిచ్చింది. మరియమ్మ లేవలేదు.

"ఇంకేమన్నా ఉందా?"

"ఆ ముక్క దీని మీద రాసిస్తావా అమ్మా?"

"ఏ ముక్క?"

"నేను తినలేదని."

డాక్టర్ ప్రసన్న పెన్ను పట్టుకుని ఆమె మొహంలోకి చూసింది. "మీరు తిన్నారో లేదో నాకెట్లా తెలుస్తుందమ్మా? తినకపోయినా పెరగొచ్చు అని మాత్రం రాయగలను."

"అదే రాయి. చాలు."

రాసింది, తెలుగులో, పెద్ద అక్షరాలతో. మరియమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. మందుల షాపులో చీటీ అడిగితే, తీసి చూపించి, వెంటనే మళ్లీ లాక్కుంది.

*

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి సాయంత్రం అయిదున్నర. నతానియేలు షాపులో కౌంటరు వెనక కూర్చుని లేస్తూ, లేచి కూర్చుంటూ ఉన్నాడు. పొద్దుట్నుంచి బేరాలు పలచగానే ఉన్నాయి. వచ్చిన ఒకరిద్దరు కూడా 'ఏమన్నా, ఇంట్లో బాగుండారా' అని అదోలా అడిగిపోయారు.

"ఏమన్నారు?" అన్నాడు, వాళ్లు లోపలికి కాలు పెట్టకముందే.

మరియమ్మ జాకెట్లోంచి చీటీ తీసి ఇచ్చింది. ఐదు నెలలుగా ఎదురుచూసిన క్షణం ఇదే. మొగుడు ఆ ముక్క చదువుతాడు, తలెత్తి చూస్తాడు, ఏదో ఒక మాట అంటాడు. ఏ మాటైనా సరే. 'అయ్యో' అన్నా చాలు.

నతానియేలు చదివాడు. మళ్లీ చదివాడు. మొహం వెలిగిపోయింది.

"అయితే నూనె తప్పు లేదు!" అన్నాడు.

సంధ్యకు ఒళ్లు మండిపోయింది. నాకూ మండింది, మీకు మండదా?

"మనోజ్! ఒరే మనోజ్, ఇట్ల రా! థైరాయిడంట రా! నూనెతో సమ్మందమే లేదంట. పెద్ద డాక్టరు తన చేత్తో రాసిచ్చింది, తెలుగులో. దీన్ని జిరాక్సు తీపిచ్చి ఈడ అంటిద్దాం, వచ్చేవోళ్లకంతా కనపడేట్టు."

"సంబంధమే లేదని డాక్టరు చెప్పలేదు మామా," అంది సంధ్య. "ఏ నూనైనా కొలత మీదే వాడమన్నారు."

"అదంతా ఏంటికి ఇప్పుడు?" అప్పటికే ఫోను చెవి దగ్గరుంది. "అక్తరమ్మా, ఒక్కసారి షాపు కాడికొచ్చిపో. ఒకటి చూపిస్తా. రా తల్లీ, బేగా రా."

మరియమ్మ స్టూలు మీద కూర్చుంది. సంచిలోంచి ఇంకో కాగితం తీసి కౌంటరు మీద పరిచింది.

"దీన్ని కూడా జిరాక్సు తీపిస్తావా?" అంది.

నతానియేలు తేదీ చూశాడు. వెలిగిన మొహం ఆరింది.

"ఇది యాడిది?"

"నీ ఫోన్లోది. రెండేండ్ల కిందటిది. బాగుండాదని చెప్తివే."

"బాగుండాదనే చెప్పినారు నాకు!" గొంతు పెంచాడు. "నేను ఫోన్ చేసి అడిగినా క్యాంపాయన్ని. బార్డర్లో ఉందన్నా అన్నాడు. బార్డరంటే పాసే కదా! నేను పదో తరగతి లెక్కల్లో ముప్పై అయిదుతో బార్డర్లో పాసయినా. ఎవురన్నా ఫెయిలన్నారా నన్ను?"

మనోజ్ గోడ వైపు తిరిగాడు. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో నాకు కనపడలేదు. చెప్పొద్దూ, నతానియేలు అబద్ధమాడలేదు. ఆయన జీవితమంతా బార్డర్ల మీదే గట్టెక్కింది. పది బార్డర్లో పాసు, గానుగ కోసం అడిగిన బ్యాంకు లోను బార్డర్లో పాసు. బార్డర్ అంటే భయపడాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"మూడు నెలలకు మళ్లీ చేయించమని కింద రాసుంది నాయనా," అన్నాడు మనోజ్.

"అది అందరికీ రాస్తారనుకున్నా రా."

"సరే," అంది మరియమ్మ. "పాసనుకున్నావు. తెలీక చేసినావు. దానికి నేనేం అనను."

నతానియేలు ఊపిరి వదిలాడు. తొందరపడ్డాడు.

"ఐదు నెలల నుంచి తినలేదు, తినలేదని చెప్తాండా. ఏంటికి నమ్మలేదు నన్ను?"

"లెక్క కుదరల్యా మరియమ్మా. నేనేం చేసేది?"

"ఇరవై ఏడేండ్ల కాపురం. నీకు నేను చెప్పిన అబద్ధం ఒకటి చెప్పు. ఒక్కటి."

ఆయన వెతికాడు. నిజంగానే వెతికాడు, పైకప్పు వైపు చూస్తూ. దొరకలేదు.

"ఎవురో తెలీని డాక్టరమ్మ, అరగంట చూసిన మనిషి రాసిస్తే ఒక్క తూరికి నమ్మినావు. అదీ నూనె మాటైతే నమ్మినావు. నా మాట నీకింగా రాలేదు. కాగితం చేతిలోనే ఉండాది, నా మాట ఒక్కటీ రాలేదు నీ నోట్లోంచి."

నతానియేలు చీటీ వైపు చూశాడు. ఏదో అనబోయాడు. అంటే ఈ కథ ఇక్కడితో తేలిపోయేదేమో. కానీ గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"ఏమైంది భాయ్, అంత బేగా రమ్మన్నావ్?" అంటూ అక్తర్ బేగం వచ్చింది. మూడిళ్ల అవతలే ఇల్లు. పెద్ద మనిషి, ఏ విషయమైనా మొహం మీదే అనేస్తుంది. మరియమ్మను చూసి, "అరే, వచ్చేసినావా చెల్లీ? ఏమన్నారు నంద్యాల్లో?" అంది.

నతానియేలుకు ఊపిరాడింది. బేరం మొహం పెట్టుకున్నాడు. "చూడమ్మా, డాక్టరు రాసిచ్చింది. తినకపోయినా పెరుగుతాదంట. థైరాయిడంట. మా నూనెది ఏం తప్పు లేదు. ఇంగ నీకు అనుమానమే వద్దు."

అక్తర్ బేగం చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. చదివి ఆయనకు తిరిగిచ్చింది. మరియమ్మ వైపు చూసింది, తర్వాత నతానియేలు వైపు.

"తినకపోయినా పెరుగుతాదా? మరి నువ్వే చెప్తివి గదా భాయ్."

"ఏం చెప్పినా?"

"నూనెది తప్పు లేదు, మా ఆమే బజారుకు పోయినప్పుడల్లా దొంగతనంగా బజ్జీలు తింటాది, నోరు కట్టుకోలేదు అని. ఈడ్నే అన్నావు, ఈ కౌంటరు కాడ. పోయిన నెల. నలుగురం ఉన్నాం."

మనోజ్ తండ్రి వైపు చూశాడు. సంధ్య చేయి నోటి మీదకు పోయింది.

"బేరం కోసం ఏదో..." అన్నాడు నతానియేలు.

అక్తర్ బేగం ఆయన్ని పట్టించుకోలేదు. వచ్చి మరియమ్మ పక్కన నిలబడింది. "నేను నమ్మలేదు చెల్లీ. నువ్వు పెండ్లయి వచ్చినప్పటి నుంచి చూస్తాండా నిన్ను. ఇంట్లో చెప్పకుండా గ్లాసు టీ తాగే దానివి కాదు నువ్వు. నువ్వు తినలేదంటే నూనెలోనే ఏదో ఉన్నట్టు గదా. ఆ ప్యాకెట్ చూసినాక అది ఖాయం అనుకున్నా. అందుకే క్యాను ఇచ్చేసినా. నిన్ను నమ్మినా గాబట్టే నూనె వద్దనుకున్నా."

మరియమ్మ ఆమె మొహంలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఐదు నెలలు వెతికిన మాట. సొంత ఇంట్లో దొరకని మాట. మూడిళ్ల అవతల ఉంది, అదీ నెల రోజుల నుంచి ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. అక్తర్ బేగం చేయి పట్టుకుని బాగా ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఈసారి గోడ పట్టుకోలేదు.

"ఎంతమందికి చెప్పినావు?" అని అడిగింది మొగుణ్ని.

ఆయన చేతిలోని చీటీని మడతపెట్టాడు.

"ఆ నలుగురికేనా, ఇంగా ఉండారా? చర్చిలో చెప్పినావా? పాలాయనకు చెప్పినావా?"

"ఇప్పుడవన్నీ ఏంటికి మరియమ్మా? జరిగిందేదో జరిగిపోయింది. ఈ కాగితం అంటిస్తాం గదా, అందరూ చదువుకుంటారు."

"కాగితం నాది. ఇట్ల తే." ఆయన చేతిలోంచి చీటీ తీసుకుంది. "ఎవురెవురికి చెప్పినావో ఆ ఇండ్లకన్నిటికీ పోదాం. నేనూ వస్తా. గుమ్మంలో నిలబడి నీ నోటితో చెప్పల్ల. నా పెండ్లాం తినలేదు, నేనే అబద్ధం చెప్పినా అని. థైరాయిడ్ గురించి నువ్వేం చెప్పేది వద్దు, అది నేను చెప్పుకుంటా."

"ఊర్లో నేను తలెత్తుకోవద్దా?"

"నేను ఐదు నెలలు ఎత్తుకోల్యా."

"అంగడి ఏం గావల్ల? నన్ను అబద్ధాలోడంటే నూనె ఎవురు కొంటారు? నువ్వే చెప్పు. పిల్లల గతేంది?"

మరియమ్మ కొడుకు వైపు, కోడలి వైపు చూసింది. వాళ్ల గతి ఆమెకు తెలియక కాదు. ఆ ఇంట్లో నలుగురి తిండీ ఆ గానుగ మీదే ఉంది. ఆమె మొహంలో ఒక్క క్షణం తడబాటు కనిపించింది, నతానియేలు అది చూశాడు, ఆశపడ్డాడు.

"మొదట ఎవురిల్లు?" అంది ఆమె.

దుప్పటి తీసి స్టూలు మీద పడేసి, చెప్పులేసుకుని వీధిలోకి దిగింది. అక్తర్ బేగం ఆమె వెంట దిగింది. సంధ్య మామ వైపు చూడకుండానే దిగింది. మనోజ్ గడప దాకా వచ్చి అక్కడే ఆగాడు.

ఎదురింటివాళ్లు అరుగు మీదకు వచ్చి చూస్తున్నారు. వీధి మధ్యలో నిలబడి మరియమ్మ షాపులోకే చూస్తోంది. నతానియేలు కౌంటరు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, ఇంకా లేవలేదు.